వర్జినల్ (వాద్యము)

వర్జినల్ ఐరోపాకు చెందిన ఒక చిన్న మెట్ల వాద్యము. ఇది హార్ప్సికార్డ్ కుటుంబమునకు చెందినది. సాధారణముగా దీర్ఘచతురస్రాకారపు పెట్టెవలె ఉండును. చిన్న వాటిని బల్లమీద పెట్టుకొని వాయించెడివారు. 15వ శతాబ్దము నుండి 17వ శతాబ్దము చివరి వరకు ఇంగ్లండు, ఫ్లాండర్స్ (నేటి బెల్జియము ఉత్తర భాగము), ఇటలీ, జర్మను ప్రాంతములలో ఇది బహుళ ప్రచారములో ఉండెను. లాటిను భాషలో "విర్గో" అనగా కన్య, "విర్గినాలిస్" అనగా కన్యకు సంబంధించినది. ఒక వాద్యమునకు ఈ పేరు ఎందుకు వచ్చినది అను ప్రశ్నకు అనేక సమాధానములు ఉన్నవి. వానిలో అన్నిటికంటె ప్రసిద్ధమైన సమాధానము తప్పు. ఈ వ్యాసము ముఖ్యముగా ఆ పేరును గురించి.

వాద్య నిర్మాణము

పేరును గురించిన వాదములు అర్థమగుటకు వాద్యము పనిచేయు తీరును కొంత తెలిసికొనవలెను. పెట్టెలో లోహపు తీగలు బిగించి ఉండును. ఒక్కొక్క స్వరమునకు ఒక్కొక్క తీగ. హార్ప్సికార్డులో తీగలు వాయించువాని ఎదుట నుండి దూరముగా సాగును. వర్జినల్‌లో అవి ఎడమ నుండి కుడికి, మెట్ల వరుసకు దాదాపు సమాంతరముగా సాగును. పెట్టె చిన్నదిగా ఉండుటకు కారణము ఇదే.

మెట్టును నొక్కగా దాని వెనుక కొన పైకి లేచును. ఆ కొనమీద నిలిచియున్న సన్నని చెక్క పుల్లయు దానితోపాటు లేచును. ఈ పుల్లను జాక్ అందురు. జాక్ పైభాగమున కాకి ఈకతో చేసిన చిన్న మొన ఉండును. అది తీగను మీటగా నాదము పుట్టును. వేలు తీసినప్పుడు జాక్ క్రిందికి దిగును, ఈక మొన వెనుకకు ఒదిగి తీగను మరల మీటకుండ దాటిపోవును, జాక్‌కు అమర్చిన గుడ్డముక్క తీగకు తగిలి నాదమును ఆపును. మెట్టును ఎంత గట్టిగా నొక్కినను నాదము ఇంచుమించు ఒకే తీవ్రతతో పలుకును.

మన నాటక రంగమునకు సుపరిచితమైన హార్మోనియములో కూడ మెట్లున్నవి గాని, రెంటికి పోలిక అంతవరకే. హార్మోనియములో గాలి వలన లోహపు రీడ్లు కంపించును. వర్జినల్‌లో గాలి లేదు, తిత్తులు లేవు. నాదము పుట్టు విధమును బట్టి చూచినచో ఇది వీణకే దగ్గర.

ఎలిజబెత్ రాణి కథ

ఇంగ్లండును 1558 నుండి 1603 వరకు పాలించిన మొదటి ఎలిజబెత్ రాణి వివాహము చేసికొనలేదు. ఆమెను "కన్యారాణి" అని పిలిచిరి. ఆమె ఈ వాద్యమును చక్కగా వాయించెడిది. అందువలన ఆమె గౌరవార్థము వాద్యమునకు వర్జినల్ అను పేరు పెట్టిరని ఒక కథ చాలకాలముగా చెప్పబడుచున్నది.

ఈ కథ నమ్మదగినదిగా కనిపించుటకు కారణములు లేకపోలేదు. ఉత్తర అమెరికాలోని వర్జీనియా అను పేరు 1584లో నిజముగానే ఆమె గౌరవార్థము పుట్టినది. ఒకే ధాతువు, ఒకే రాణి. కావున ప్రాంతమునకు జరిగినది వాద్యమునకు కూడ జరిగి ఉండునని అనుకొనుట సహజము. ఆమె వాద్యనైపుణ్యము కూడ కల్పితము కాదు. 1564లో స్కాట్లండు రాయబారిగా వచ్చిన సర్ జేమ్స్ మెల్విల్ తన జ్ఞాపకములలో ఒక సంఘటనను వ్రాసెను. రాణి ఒంటరిగా వర్జినల్ వాయించుచుండగా అతనిని చాటుగా వినుటకు తీసికొనిపోయిరి. అతడు లోనికి అడుగుపెట్టగానే ఆమె వాయించుట ఆపి, తాను పురుషుల ఎదుట వాయించనని, ఏకాంతమున దిగులు పోగొట్టుకొనుటకు మాత్రమే వాయింతునని చెప్పెనట. తరువాత, స్కాట్లండు రాణి మేరీ బాగుగా వాయించునా, తాను బాగుగా వాయింతునా అని అడిగెను. ఆ విషయములో ఎలిజబెత్‌దే పైచేయి అని మెల్విల్ ఒప్పుకొనవలసి వచ్చినది.

లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియములో "ఎలిజబెత్ రాణి వర్జినల్" అను వాద్యము ఒకటి ఉన్నది. వెనిసు నగరమున 1594 ప్రాంతములో జొవాన్ని బాఫ్ఫో చేసినట్లు భావింపబడుచున్నది. దానిమీద రాజచిహ్నముతోపాటు రాణి తల్లియైన ఆన్ బొలీన్ వాడిన డేగ గుర్తు కూడ ఉన్నది. ఆకారమును బట్టి దీర్ఘచతురస్రము కాని ఈ వాద్యమును నేటి శాస్త్రజ్ఞులు స్పినెట్ అనుటయే సరి అందురు. అయినను పేరు మాత్రము మారలేదు.

ఇన్ని ఉన్నను, కథను తేదీలు నిలువనీయవు. ఎలిజబెత్ పుట్టినది 1533 సెప్టెంబరు 7న. ఆమె తండ్రి ఎనిమిదవ హెన్రీ సొంత ఖర్చుల లెక్కలలో 1530వ సంవత్సరమున వర్జినల్స్ కొన్నట్లు పద్దులు ఉన్నవి. ఒకే పెట్టెలో అమర్చిన రెండు వాద్యములు గ్రీనిచ్‌కు, అటువంటివే మరి రెండును, వానితో ఒక చిన్నదియు మరొక రాజగృహమునకు చేర్చబడినవి. మొత్తము ఐదు. అనగా ఆమె పుట్టుటకు మూడేండ్ల ముందే ఆమె తండ్రి ఇంట ఈ పేరుతోనే ఈ వాద్యము ఉన్నది. ఐరోపా ప్రధాన భూభాగములో ఈ పేరు ఇంకను పాతది.

తొలి సాక్ష్యము

వర్జినల్ అను పేరు కనిపించు అతి ప్రాచీన రచన బొహీమియా దేశపు ప్రాగ్ నగరమునకు చెందిన పౌలుస్ పౌలిరినుస్ అను పండితునిది. 1460 ప్రాంతములో లాటినులో వ్రాసిన తన గ్రంథమున సంగీత భాగములో ఇతడు ఈ వాద్యమును వర్ణించెను. అది క్లావికార్డు ఆకారములో ఉండునని, లోహపు తీగల వలన హార్ప్సికార్డు వంటి ధ్వని కలుగునని, 32 వరుసల తీగలు కలదని చెప్పెను. పేరుకు కారణమును కూడ చెప్పెను: కన్యవలె మృదువైన, కలత లేని కంఠముతో పలుకును గనుక దీనికి ఆ పేరు వచ్చినదట.

ఇచ్చట రెండు విషయములు గమనింపదగినవి. మొదటిది, ఆ వాక్యములో వాయించువారి ప్రసక్తి లేదు. కన్యలు వాయింతురని అతడు చెప్పలేదు, వాద్యమే కన్యవలె పలుకునన్నాడు. రెండవది, అతడు ఈ పేరును పెట్టినవాడు కాడు, అప్పటికే ఉన్న పేరుకు వివరణ ఇచ్చినవాడు. మధ్యయుగపు పండితులకు ప్రతి పదమునకు ఒక నిరుక్తి చెప్పుట అలవాటు. మన నిఘంటుకారులకును, వ్యాఖ్యాతలకును ఆ అలవాటు కలదు. వారు చెప్పిన వ్యుత్పత్తులన్నియు చారిత్రక సత్యములు కానట్లే ఇదియు కాకపోవచ్చును. కాని పేరు వాడుకలో ఉన్న కాలమున జీవించి, వాద్యమును వర్ణించినవాని మాటకు, రెండు వందల ఏండ్ల తరువాత చేసిన ఊహల కంటె ఎక్కువ విలువ ఈయవలెను.

జర్మను దేశీయుడైన సెబాస్టియన్ విర్డుంగ్ 1511లో బాసెల్ నగరమున ముద్రించిన వాద్యముల గ్రంథములో వర్జినల్ అను పేరుతో చెక్క అచ్చు బొమ్మ ఉన్నది. కావున 16వ శతాబ్దపు ఆరంభమునకే ఈ పేరు జర్మను భాష మాట్లాడు వారికి తెలియును. ఇంగ్లండుకు పేరు బయటనుండి వచ్చినదే గాని, ఇంగ్లండు నుండి బయటకు పోయినది కాదు అనుటకు ఈ క్రమము ఆధారము.

ఇతర ఊహలు

"విర్గా" నుండి: లాటినులో విర్గా అనగా కఱ్ఱ పుల్ల. వాద్యములోని జాక్‌లు పుల్లలే గనుక దానినుండి వర్జినల్ వచ్చినదని కొందరి అభిప్రాయము. వినుటకు ఇంపుగా ఉన్నది గాని వ్యాకరణము అడ్డు వచ్చును. విర్గో అను పదమునకు ప్రత్యయములు చేర్చునప్పుడు ప్రాతిపదిక "విర్గిన్" అగును. అందుండి విర్గినాలిస్ సూటిగా వచ్చును. విర్గా అను పదములో ఆ "ఇన్" లేదు. పుల్లనుండి పేరు పుట్టినచో మధ్యలోని ఆ అక్షరములు ఎచ్చటినుండి వచ్చినవో చెప్పవలసి ఉండును. జాక్‌లు హార్ప్సికార్డులోను ఉన్నవి గదా, దీనికే ఆ పేరు ఎందుకు అని కొందరు ఆక్షేపించిరి. ఈ ఆక్షేపణకు అంత బలము లేదు. స్పినెట్ పేరు కూడ అటువంటి ఉమ్మడి లక్షణము నుండే వచ్చినట్లు క్రింద చూడవచ్చును.

కన్యలు వాయించుట వలన: 1656లో థామస్ బ్లౌంట్ తన నిఘంటువులో కన్యకలు దీనిని ఎక్కువగా వాయింతురు గనుక ఈ పేరు వచ్చినదని వ్రాసెను. 1755లో డాక్టర్ జాన్సన్ నిఘంటువు కూడ దాదాపు ఈ మాటనే చెప్పినది. బ్లౌంట్ కాలమునకు సంపన్న గృహములలోని బాలికలకు వర్జినల్ నేర్పుట ఆచారముగా ఉన్నమాట నిజము. కాని అది 17వ శతాబ్దపు ఆచారము. పేరు 15వ శతాబ్దపుది. పేరును బట్టి ఆచారమును అర్థము చేసికొని, ఆ ఆచారము నుండే పేరు పుట్టినదనుట గుండ్రముగా తిరుగు వాదము.

మేరీమాత గీతముల వలన: కన్య మేరీని స్తుతించు గీతములకు తోడుగా వాయించుట వలన ఈ పేరు వచ్చి ఉండునని మరియొక ఊహ. దేవదూత మేరీకి శుభవార్త చెప్పు ఘట్టముపై 13వ శతాబ్దము నాటి ఒక లాటిను గీతమును దీనికి ఉదాహరణగా చూపుదురు. ఛాసర్ కథలలో ఒక విద్యార్థి ఆ గీతమును సాల్టరీ అను తంత్రీవాద్యముతో పాడును. వర్జినల్ ఒకవిధముగా మెట్లు అమర్చిన సాల్టరీయే గనుక ఊహకు కొంత అందమున్నది. సాక్ష్యము మాత్రము లేదు.

"ఒక జత వర్జినల్స్"

పాత ఆంగ్ల గ్రంథములలో ఒకే వాద్యమును "ఒక జత వర్జినల్స్" అని వ్రాసిరి. దీనిని చూచి వాద్యము రెండు భాగములుగా ఉండెడిదని భ్రమపడరాదు. నాటి ఆంగ్లములో జత అను పదమునకు కొన్ని భాగములు కలిసిన ఒక వస్తువు అను అర్థము కూడ ఉండెను. ఒకే ఆర్గన్‌ను ఒక జత ఆర్గన్స్ అనిరి. నేటికిని ఆంగ్లేయులు ఒకే కత్తెరను ఒక జత అనియే చెప్పుదురు. తెలుగులో కత్తెర ఏకవచనమే గనుక ఈ వాడుక మనకు వింతగా తోచును.

1666 సెప్టెంబరులో లండను తగలబడినప్పుడు సామాను పడవలలో ఎక్కించి జనులు పారిపోవుచుండగా, సామాను నింపిన మూడు పడవలలో ఒకదానిలోనైన "ఒక జత వర్జినల్స్" కనిపించెనని శామ్యూల్ పీప్స్ తన దినచర్యలో వ్రాసెను. మంటలలో నుండి ముందుగా బయటకు తెచ్చుకొనదగిన వస్తువులలో ఇది ఒకటి.

ఇంగ్లండులో 17వ శతాబ్దము చివరి వరకు వర్జినల్ అను మాట ఈ పెట్టె వాద్యమునకే పరిమితము కాలేదు. తీగలు మీటు మెట్ల వాద్యములన్నిటిని ఆ పేరుతో పిలిచిరి. కావున పాత ఆంగ్ల గ్రంథములో వర్జినల్ అని ఉన్నంత మాత్రమున అది చిన్న పెట్టెయే అనుకొనరాదు, పెద్ద హార్ప్సికార్డు కావచ్చును.

ఇతర దేశములలో పేర్లు

ఇటలీలో దీనిని స్పినెట్టా అని, అర్పికోర్డో అని, ఫ్రాన్సులో ఎపినెట్ అని పిలిచిరి. స్పినెట్టా పేరుకు కూడ రెండు కథలున్నవి. 1561లో వెలువడిన గ్రంథములో స్కాలిజర్ ఇది ముల్లువంటి ఈక మొనల వలన వచ్చినదని చెప్పెను. లాటినులో "స్పినా" అనగా ముల్లు. బాంకియేరి అను ఇటలీ సంగీతజ్ఞుడు 1608 ప్రాంతములో, వెనిసుకు చెందిన జొవాన్ని స్పినెట్టి దీనిని కనిపెట్టెనని, అతని పేరు, 1503 సంవత్సరము వ్రాసిన వాద్యమును తాను చూచితినని వ్రాసెను. సాధారణముగా ముల్లు వ్యుత్పత్తినే అంగీకరింతురు. ఇచ్చట కూడ ఒక వ్యక్తి పేరుతో ముడిపడిన కథ ఒకటి పుట్టుట గమనింపదగినది.

ఫ్లాండర్స్‌లోని ఆంట్వెర్ప్ నగరము వర్జినల్ తయారీకి ప్రసిద్ధి. అచ్చటి రూకర్స్ కుటుంబము వారు మెట్లు ఎడమవైపు ఉన్నదానిని స్పినెట్ అని, కుడివైపు ఉన్నదానిని ముసెలార్ అని వేరు చేసిరి. ముసెలార్‌లో తీగను దాదాపు మధ్యభాగమున మీటుట వలన ధ్వని గుండ్రముగా, నిండుగా ఉండును. డచ్చి చిత్రకారుడు వెర్మీర్ చిత్రములలో స్త్రీలు వాయించుచున్నది ఈ రకమే. కాని క్రింది స్థాయి స్వరములను వేగముగా వాయించినచో బొంగురుగా వినిపించును. 1739లో వాన్ బ్లాంకెన్‌బుర్గ్ అను డచ్చి సంగీతజ్ఞుడు ఈ ధ్వనిని పందిపిల్లల గుఱగుఱతో పోల్చెను. పౌలిరినుస్ చెప్పిన కన్యాకంఠమునకు ఇది చాల దూరము.

రూకర్స్ వారు చేసిన మరియొక రకమునకు "తల్లీ బిడ్డ" అని పేరు. పెద్ద వర్జినల్ పెట్టెలోనే సొరుగువంటి గూడులో ఒక స్థాయి హెచ్చుగా పలుకు చిన్న వర్జినల్ ఇమిడి ఉండును. బిడ్డను బయటకు తీసి తల్లిమీద పెట్టినచో తల్లి జాక్‌లు బిడ్డ మెట్లను కదలించి రెండును కలిసి పలుకును. హాన్స్ రూకర్స్ 1581లో చేసిన ఇటువంటి వాద్యము న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియములో ఉన్నది. అది 20వ శతాబ్దపు తొలినాళ్లలో దక్షిణ అమెరికాలోని పెరూ దేశమున, కుజ్కో సమీపములోని ఒక ప్రార్థనామందిరములో దొరికినది. కన్య పేరుగల వాద్యమునకు తల్లీ బిడ్డ అను భేదము ఉండుటను ఆంట్వెర్ప్ పనివారు వింతగా తలచి ఉండరు. వారి భాషలో ఆ వాద్యమునకు కన్య పేరు సామాన్యము కాదు.

పేరు మీద చమత్కారములు

పేరు ఎట్లు వచ్చినను, వచ్చిన తరువాత అది తనకొక చరిత్రను కల్పించుకొన్నది. 1613 ప్రాంతములో లండనులో "పార్థీనియా" అను సంగీత గ్రంథము వెలువడినది. వర్జినల్ కొరకు ఇంగ్లండులో ముద్రితమైన మొదటి సంగీత సంపుటి ఇదే. గ్రీకు భాషలో "పార్థెనోస్" అనగా కన్య. మొదటి ముద్రణ గనుక కన్యాకృతి, వాద్యము పేరు కన్య, గ్రంథము అంకితమైనది పెండ్లికూతురైన రాజకుమారి ఎలిజబెత్‌కును ఆమె వరుడు ఫ్రెడరిక్‌కును: ఇన్ని శ్లేషలు ఒక్క పేరులో ఇమిడినవి. ఈమె మొదటి జేమ్స్ రాజు కుమార్తె. పైన చెప్పిన రాణి కాదు. ఇద్దరి పేర్లు ఒకటే అగుటయు గందరగోళమునకు కొంత తోడ్పడి ఉండవచ్చును. గ్రంథములోని 21 రచనలు విలియం బర్డ్, జాన్ బుల్, ఆర్లాండో గిబ్బన్స్ అను ముగ్గురివి.

షేక్స్పియర్ "ది వింటర్స్ టేల్" నాటకములో ఈ పేరును క్రియాపదముగా మార్చి, అరచేతిమీద వేళ్లు ఆడించుట అను అర్థములో, అనుమానపీడితుడైన భర్త నోట పలికించెను. కన్య అను అర్థము శ్రోతల చెవిలో మెదలుటచేతనే ఆ మాటకు పదును వచ్చినది.

ఈ చమత్కారముల వలన జరిగిన నష్టమును కూడ చెప్పవలెను. పేరు ఆడపిల్లలది గనుక వాద్యము కూడ కాలక్షేపమునకు పనికివచ్చు తేలిక వాద్యమని చాలమంది భావించిరి. నిజమునకు నాటి ఐరోపాలో అత్యంత కఠినమైన మెట్ల సంగీతములో కొంత దీనికొరకే పుట్టినది. గిబ్బన్స్ 1619లో రాజు ఆస్థానమున వర్జినల్ వాదకునిగా నియమితుడయ్యెను. గైల్స్ ఫార్నబీ వృత్తిచేత వడ్రంగి. "మై లేడీ నెవెల్స్ బుక్" అను 1591 నాటి వ్రాతప్రతిలో బర్డ్ రచనలు 42 ఉన్నవి.

వీనిలో పెద్దది కేంబ్రిడ్జిలోని ఫిట్జ్‌విలియం మ్యూజియములో ఉన్న వ్రాతప్రతి. దీనిలో సుమారు 300 రచనలు కలవు. 18వ శతాబ్దపు రచయితలు దీనిని "ఎలిజబెత్ రాణి వర్జినల్ పుస్తకము" అని పిలిచిరి. కాని దానిలోని స్వీలింక్ రచన ఒకదానికి 1612 అని తేదీ వేసి ఉన్నది. రాణి మరణించినది 1603లో. వాద్యము పేరును రాణికి కట్టబెట్టిన అలవాటే పుస్తకమును కూడ ఆమెకు కట్టబెట్టినది. రెండుచోట్లను తేదీలే తప్పును బయటపెట్టినవి.

భారతదేశములో

వర్జినల్ మొగలు దర్బారునకు కూడ వచ్చినది. మొదటి జేమ్స్ రాజు రాయబారి సర్ థామస్ రో 1616 జనవరిలో అజ్మీరున జహంగీరు చక్రవర్తికి సమర్పించిన కానుకలలో ఒక బండి, కొన్ని కత్తులు, ఒక ఖడ్గము మొదలగు వానితోపాటు "ఒక జత వర్జినల్స్" ఉండెను. రాయబారితో వచ్చిన వాద్యకారుని చేత చక్రవర్తి దానిని అక్కడనే వాయింపించి విని సంతోషించెనని రో తన దినచర్యలో వ్రాసెను. అయినను ఈ వాద్యము మన దేశమున వేరూనలేదు. మెట్ల వాద్యము మన సంగీతములో స్థిరపడినది 19వ శతాబ్దములో హార్మోనియము వచ్చిన తరువాతనే.

తరువాతి కాలము

17వ శతాబ్దము చివర ఇంగ్లండులో వంపు తిరిగిన పెట్టెగల స్పినెట్ వర్జినల్ స్థానమును ఆక్రమించినది. 18వ శతాబ్దములో పియానో రాకతో ఈ కుటుంబమంతయు వెనుకబడినది. 19వ శతాబ్దము చివర ఆర్నల్డ్ డోల్మెచ్ పాత వాద్యములను బాగుచేసి, క్రొత్తవి తయారుచేసి వాయించుట మొదలుపెట్టెను. ఇంచుమించు అదే సమయమున ఫుల్లర్ మెయిట్‌లాండ్, బార్క్లే స్క్వయర్ అనువారు ఫిట్జ్‌విలియం వ్రాతప్రతిని పరిష్కరించి ముద్రించిరి. అది 1899లో పూర్తియైనది. నేటి వాద్యశాస్త్రములో వర్జినల్ అను పేరును తీగలు మెట్ల వరుసకు సమాంతరముగా ఉండి, స్వరమునకు ఒక్కొక్క తీగగల వాద్యమునకు మాత్రమే వాడుచున్నారు.